‘చివరిసారి ఎప్పుడు?’ అని అడగండి

ఈ నెల నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు దాదాపుగా ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి పిలిచిన కంపెనీ ఎలాంటిదో చేరకముందే తెలుసుకోవడం ఎట్లా? కొన్నిటికి వివరంగా, కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబిస్తున్నాం. పేర్లు వేయవద్దన్నారు కాబట్టి ఊళ్లు మాత్రమే వేశాం.

ప్రశ్న: చెన్నైలో ఒక చిన్న కంపెనీలో రెండేళ్లుగా జావా డెవలపర్‌గా చేస్తున్నాను. వచ్చే వారం బెంగళూరు కంపెనీ ఇంటర్వ్యూ ఉంది, మూడు రౌండ్లు. పోయినసారి చివర్లో ‘మీరేమైనా అడగాలా?’ అంటే ‘నథింగ్ సార్’ అని లేచి వచ్చేశాను. చేరాక గానీ తెలీలేదు, శని ఆదివారాలు కూడా ఆఫీసే అని. ఈసారి ఏం అడగాలి?
(ఒక పాఠకురాలు, కావలి)

జవాబు: ఒక్కో రౌండ్ చివర మీకు దొరికేది అయిదు నిమిషాలు, మహా అయితే పది. మూడు నాలుగు ప్రశ్నలకు మించి పట్టవు. అందుకని ఎవరిని ఏది అడగాలో ముందే పంచి పెట్టుకోండి. హెచ్‌ఆర్‌ను కోడ్ సంగతి అడిగితే వెబ్‌సైట్లో ఉన్నదే మళ్లీ చెబుతారు. టెక్నికల్ రౌండ్ తీసుకునే డెవలపర్‌ను జీతం గురించి అడిగితే ఆయన నీళ్లు నములుతాడు.

ఎవరిని అడిగినా అడిగే తీరు ఒకటే ఉండాలి. ‘మీ దగ్గర వర్క్ కల్చర్ ఎలా ఉంటుందండీ?’ అంటే ‘చాలా బాగుంటుంది, ఒక ఫ్యామిలీలా ఉంటాం’ అంటారు. అది జవాబు కాదు, మర్యాద. ‘చివరిసారి ఎప్పుడు జరిగింది? అప్పుడు ఏం చేశారు?’ అని అడిగితే జరిగిన సంగతి చెప్పాల్సి వస్తుంది. జరిగినదాన్ని అప్పటికప్పుడు కల్పించడం కష్టం, కల్పించినా తర్వాతి చిన్న ప్రశ్నకే దొరికిపోతారు.

టెక్నికల్ రౌండ్‌లో మొదటి ప్రశ్న ఇది: ‘మీ టీమ్ చివరిసారి ప్రొడక్షన్‌కి కోడ్ ఎప్పుడు పంపింది? అది ఏమేం దాటుకుని వెళ్లింది?’ (ప్రొడక్షన్ అంటే జనం నిజంగా వాడే సిస్టమ్.) ‘నిన్న సాయంత్రం పంపాం. పుల్ రిక్వెస్ట్ (మార్చిన కోడ్‌ను చూడమని పంపే విన్నపం) పెట్టాక ఒకరు రివ్యూ చేశారు, టెస్టులు వాటంతటవే నడిచాయి, స్టేజింగ్‌లో (అసలుదానిలాంటి పరీక్ష సిస్టమ్‌లో) ఒకసారి చూసుకుని వదిలాం’ అని తడుముకోకుండా చెబితే ఆ టీమ్‌కి ఒక పద్ధతి ఉన్నట్టే. ‘నెలకోసారి, శనివారం రాత్రి. ఆ రోజు అందరం ఉంటాం’ అన్నారా, మీ శనివారాల సంగతి అక్కడే తెలిసిపోయింది. నెల రోజుల మార్పులన్నీ ఒకేసారి వెళ్తాయి కాబట్టి ఏది ఎక్కడ తగిలిందో పట్టుకోవడం కష్టం, అందుకే అందరూ కూర్చోవాలి. అయితే బ్యాంకులు, బీమా సంస్థల పని చేసేచోట క్లయింటే రాత్రివేళ ఇంతసేపని గడువు ఇస్తాడు, అది టీమ్ తప్పు కాదు. తేడా తెలియాలంటే వెంటనే ఇంకో ముక్క అడగండి: ‘ఏదైనా తేడా చేస్తే పాత వెర్షన్‌కి వెళ్లడానికి ఎంతసేపు పడుతుంది?’ ‘పది నిమిషాలు’ అంటే మంచిదే. ‘అట్లా ఏం లేదు, కూర్చుని ఫిక్స్ చేసేస్తాం’ అంటే తెల్లారేదాకా కూర్చునేవాళ్లలో మీరూ ఒకరు.

రెండోది: ‘చివరిసారి సిస్టమ్ డౌన్ అయినప్పుడు ఏం జరిగింది?’ జవాబులో ‘ఎందుకు’ ముందు వస్తుందా, ‘ఎవరు’ ముందు వస్తుందా గమనించండి. ‘డిస్క్ నిండిపోయింది, అలర్ట్ పెట్టి లేదు, తర్వాత పెట్టుకున్నాం’ అనేది ఒక రకం. ‘ఒక జూనియర్ తప్పు చేశాడు, వాడికి గట్టిగా చెప్పాం’ అనేది ఇంకో రకం. ఆ జూనియర్‌కి ప్రొడక్షన్ డేటాబేస్ పాస్‌వర్డ్ ఎందుకిచ్చారని వాళ్లెవరూ అడుక్కోలేదన్నమాట. ‘మాకు ఎప్పుడూ డౌన్ అవ్వలేదు’ అంటే వాడేవాళ్లు లేరనుకోవాలి, లేకపోతే దాస్తున్నారనుకోవాలి.

మూడోది ఆన్‌కాల్, అంటే సిస్టమ్ చెడితే రాత్రయినా ఫోనెత్తాల్సిన వంతు. ‘రొటేషన్‌లో ఎంతమంది ఉన్నారు, పోయిన వారం రాత్రిపూట ఎన్ని కాల్స్ వచ్చాయి?’ ముగ్గురే ఉంటే మూడు వారాలకోసారి వారమంతా ఫోను తలగడ కిందే. ఆరుగురుంటే ఆరు వారాలకోసారి. రాత్రి లేచినదానికి మర్నాడు కాంప్ ఆఫ్ (బదులు సెలవు) ఇస్తారా, విడిగా డబ్బు ఇస్తారా అన్నది కూడా అక్కడే అడిగేయండి.

మేనేజర్ రౌండ్‌లో వేరే సంగతులు రాబట్టాలి. ‘ఈ ఖాళీ ఎలా వచ్చింది? కొత్త పోస్టా, ఎవరైనా వెళ్లిపోయారా?’ వెళ్లిపోవడం తప్పేం కాదు. ఏడాదిలో అదే కుర్చీలోంచి ముగ్గురు లేచారంటే మాత్రం తప్పు కుర్చీలోనే ఉంది. ‘టీమ్‌లో అందరికంటే పాతవారు ఎన్నాళ్ల నుంచి ఉన్నారు?’ అని అడగండి. ఎనిమిది మందిలో పాతవారికి ఏడు నెలలే అయితే దానికి రెండు కారణాలుండొచ్చు. టీమ్ కొత్తగా పెరిగి ఉండొచ్చు, పాతవాళ్లంతా వెళ్లిపోయి ఉండొచ్చు. ‘ఏడాది కిందట ఎంతమంది ఉండేవారు?’ అంటే ఏదో తేలిపోతుంది. తర్వాత డెడ్‌లైన్: ‘చివరి రిలీజ్ తేదీ ఎవరు పెట్టారు? అందుకోలేకపోతే ఏం వదిలేశారు?’ పని తగ్గించామనో, తేదీ జరిపామనో చెప్పాలి. రెండూ కాకుండా ‘ఎలాగోలా చేసేశాం’ అంటే ఆ ‘ఎలాగోలా’ ఆదివారాల్లోంచి వచ్చింది. మీరు పోయినసారి పడిన గోతికి ముందు కనిపించే గుర్తు ఇదే. చివరగా ‘నేను చేరితే మొదటి నెల ఏ పని ఇస్తారు?’ అనండి. పని పేరు చెప్పలేకపోతే మిమ్మల్ని బెంచ్ మీద (ప్రాజెక్టు లేకుండా ఖాళీగా) కూర్చోబెట్టడానికో, ఇంకా ఖరారు కాని ప్రాజెక్టు కోసమో తీసుకుంటున్నారు.

హెచ్‌ఆర్‌తో మాట సూటిగా ఉండాలి. వారానికి ఎన్ని రోజులు, షిఫ్ట్ ఎన్నింటి నుంచి ఎన్నింటికి, ఆఫీసుకు ఎన్ని రోజులు రావాలి, నోటీస్ పీరియడ్ ఎంత, జీతం నెలలో ఏ తేదీన పడుతుంది. స్టార్టప్ అయితే ఫౌండర్‌నే అడగండి: ‘ఇప్పుడున్న డబ్బు ఎన్ని నెలలకు సరిపోతుంది? జీతాలు ఎప్పుడైనా ఆలస్యమయ్యాయా?’ అడిగినందుకు చిరాకు పడే ఫౌండర్ జీతం ఆలస్యమైన రోజు మీ ఫోను కూడా ఎత్తడు.

ఒకే ప్రశ్నను ఇద్దరిని అడగడం మానకండి. డెవలపర్ ‘రిలీజ్ రోజు రాత్రి పదకొండు అవుతుంది’ అని, మేనేజర్ ‘ఆరింటికి అందరూ వెళ్లిపోతారు’ అని చెబితే, రాత్రి కూర్చునే మనిషి చెప్పిందే నమ్మండి.

వాళ్లు మీతో నడుచుకునే తీరు కూడా చూడండి. ఒకసారి ఇంటర్వ్యూ వాయిదా పడటం మామూలే. మూడుసార్లు, అదీ చెప్పకుండా జరిపితే లోపల క్యాలెండర్లు అట్లాగే నడుస్తున్నాయి. ప్రకటనలో జావా అని వేసి, ఇంటర్వ్యూలో పీహెచ్‌పీ అడిగి, ‘చేరాక నేర్చుకుంటారులే’ అన్నారంటే మీరు చేరే పని వేరే ఉంది. కాల్ పెట్టేసిన పావుగంటలో విన్నవి విన్నట్టు రాసుకోండి. ఆఫర్ చేతికొచ్చాక అన్నీ మంచిగానే గుర్తొస్తాయి.

ప్రశ్న: మా అబ్బాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. రెండేళ్ల బాండ్ రాయమంటున్నారు, మధ్యలో మానేస్తే రెండు లక్షలు కట్టాలట. ఒరిజినల్ సర్టిఫికెట్లు, సంతకం పెట్టిన ఒక ఖాళీ చెక్కు కూడా ఇవ్వాలంటున్నారు. వాడు సరే అంటున్నాడు, నాకు మనసొప్పటం లేదు.
(ఒక తండ్రి, ఒంగోలు)

జవాబు: అయ్యా, మీరడిగినవి మూడూ వేర్వేరు సంగతులు. ఒకే గాటన కట్టకండి.

చెక్కు ఇవ్వకండి, దీనికి మినహాయింపు లేదు. ఖాళీ చెక్కు మీద అంకె, తేదీ ఎవరైనా వేసుకోవచ్చు. అది బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద కేసు పెట్టొచ్చు. రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా పడే సెక్షన్ అది. ‘బాకీ లేదు, సెక్యూరిటీగా ఇచ్చాను’ అని రుజువు చేసుకునే భారం మీవాడి మీదే పడుతుంది. ఉద్యోగమిచ్చేవాడికి చెక్కుతో పనేముంది?

ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించడం వేరు, ఇచ్చి రావడం వేరు. చేరే రోజు తీసుకెళ్లి చూపించి, జిరాక్సులు అటెస్ట్ చేసి ఇచ్చి, ఒరిజినల్స్ ఇంటికి తెచ్చుకోవాలి. ‘వెరిఫికేషన్‌కి రెండు వారాలు మా దగ్గర ఉండాలి’ అంటే, వెరిఫికేషన్‌కు కాగితం అక్కర్లేదు, యూనివర్సిటీని అడిగితే చాలు. ఒరిజినల్స్ ఒకసారి వాళ్ల బీరువాలోకి వెళితే బాండ్‌లో ఏం రాసి ఉన్నా లేకపోయినా పిల్లవాడు కదల్లేడు. వాళ్లకు కావలసింది కూడా అదే.

ఇక బాండ్. ‘బాండ్లు చెల్లవు, సంతకం పెట్టెయ్’ అని సలహా ఇచ్చే స్నేహితులు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు. అది సగమే నిజం. ఉద్యోగం మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదనే షరతు భారత ఒప్పందాల చట్టం సెక్షన్ 27 ముందు నిలవదు. ఉద్యోగంలో ఉన్నంతకాలానికి పెట్టే కనీస సర్వీసు షరతు మాత్రం వేరు. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో మూడేళ్ల సర్వీసు, లేకపోతే రెండు లక్షలు అనే షరతును 2025 మే నెలలో సుప్రీంకోర్టు సమర్థించింది. అయితే అది పరీక్షలు పెట్టి నియామకాలు చేసే ప్రభుత్వ బ్యాంకు, మీవాడి కంపెనీకీ అదే వర్తిస్తుందని చెప్పలేం. సెక్షన్ 74 ప్రకారం కాగితంలో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. అందులో సమంజసమైన పరిహారం ఎంతన్నది కోర్టు చూస్తుంది.

అందుకని మీవాడిచేత మూడు సంగతులు అడిగించండి. మొదటిది, ఆ రెండు లక్షలు దేనికి ఖర్చు పెడుతున్నారు? బయటి సంస్థలో శిక్షణ ఇప్పిస్తే రశీదు ఉంటుంది. కంపెనీలోనే ఒక సీనియర్ వచ్చి పదిహేను రోజులు స్లైడ్లు చూపిస్తే రెండు లక్షలు కాదు. రెండోది, పనిచేసిన నెలలను బట్టి మొత్తం తగ్గుతుందా? ఇరవై నెలలు చేసినవాడూ, రెండు నెలలు చేసినవాడూ ఒకేలా కట్టాలంటే ఆ షరతు న్యాయమైనది కాదు. ‘24 నెలల్లో మిగిలిన నెలలకు తగ్గట్టు’ అని రాయించుకోవచ్చు, చాలామంది ఒప్పుకుంటారు. మూడోది, కంపెనీయే తీసేస్తే? బాండ్ రద్దవుతుందని ఆ కాగితంలోనే ఉండాలి. లేకుంటే ప్రాజెక్టు లేక పంపేసి కూడా డబ్బు అడిగే సందు మిగిలిపోతుంది.

చెక్కు, ఒరిజినల్స్ మీద పట్టుబడితే మాత్రం వదులుకోమనే మా సలహా. బాండ్ ఒక్కటే అయితే మాట్లాడుకోవచ్చు.

ప్రశ్న: కంపెనీ నిజంగా ఉందా లేదా అన్నది ఊళ్లో కూర్చుని ఫోన్లో తెలుసుకోవచ్చా? ఆఫర్ లెటర్ మీద స్టాంపు, సీఐఎన్, జీఎస్టీ నంబర్ అన్నీ ఉన్నాయి.
(ఒక పాఠకుడు, దర్శి)

జవాబు: స్టాంపు దర్శి సెంటర్లోనూ చేయించుకోవచ్చు. నంబర్లు మాత్రం చాలా చెబుతాయి.

సీఐఎన్ అంటే కంపెనీ నమోదైనప్పుడు ఇచ్చే గుర్తింపు నంబర్. అందులో 21 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటిది ‘ఎల్’ అయితే స్టాక్ మార్కెట్లో లిస్టయిన కంపెనీ, ‘యు’ అయితే కానిది. తర్వాతి అయిదు అంకెలు ఏ వ్యాపారమో చెప్పేవి. 7, 8 స్థానాల్లో రాష్ట్రం. 9 నుంచి 12 దాకా ఉన్న నాలుగు అంకెలు కంపెనీ నమోదైన సంవత్సరం. ఒంగోలు గిత్తను కొనేవాడు ముందు పళ్లు చూస్తాడు, మీరు ఈ నాలుగంకెలు చూడండి. ఇంటర్వ్యూలో ‘పదిహేనేళ్ల కంపెనీ మాది’ అని, నంబర్లో 2023 అని ఉంటే అడగాల్సిందే. ముందు పార్ట్‌నర్‌షిప్‌గా ఉండి తర్వాత కంపెనీ అయ్యామని వాళ్లు చెప్పొచ్చు, అది కుదిరే మాటే. కానీ ఆ పాత పేరు అడగండి.

కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ ఎంసీఏ వెబ్‌సైట్లో కంపెనీ మాస్టర్ డేటా ఉంటుంది. అక్కడ సీఐఎన్ కొడితే కంపెనీ స్థితి, పెయిడప్ క్యాపిటల్ (వాటాదారులు పెట్టిన పెట్టుబడి), చివరి బ్యాలెన్స్ షీటు తేదీ, డైరెక్టర్ల పేర్లు వస్తాయి. లాగిన్ అడిగితే ఉచితంగానే నమోదు చేసుకోవచ్చు. స్థితి దగ్గర ‘స్ట్రక్ ఆఫ్’ అని ఉంటే ఆ కంపెనీని రిజిస్టర్ నుంచి కొట్టేశారు. బ్యాలెన్స్ షీటు మూడేళ్లుగా దాఖలు కాకపోతే లోపల ఏదో నలుగుతోంది. పెయిడప్ క్యాపిటల్ లక్ష రూపాయలే ఉందని భయపడకండి, బాగా నడిచే చిన్న కంపెనీలూ అంతే పెడతాయి.

జీఎస్టీ నంబర్ 15 స్థానాలది. మొదటి రెండంకెలు రాష్ట్రం: ఆంధ్రప్రదేశ్ 37, తెలంగాణ 36, కర్ణాటక 29, తమిళనాడు 33. తర్వాతి పది పాన్ నంబర్. ఇక్కడే ఒక కిటుకుంది. జీఎస్టీ నంబర్లో ఆరో స్థానం పాన్‌లో నాలుగో అక్షరం. అది ‘సి’ అయితే కంపెనీ, ‘ఎఫ్’ అయితే పార్ట్‌నర్‌షిప్ సంస్థ, ‘పి’ అయితే ఒక వ్యక్తి. లెటర్‌హెడ్ మీద ‘ప్రైవేట్ లిమిటెడ్’ అని ఉండి ఆరో అక్షరం ‘పి’ అయితే ఆ నంబర్ కంపెనీది కాదు. జీఎస్టీ పోర్టల్లో నంబర్ కొడితే రిటర్నులు ఏ నెల దాకా వేశారో కూడా కనిపిస్తుంది.

అన్నిటికంటే పనికొచ్చేది పీఎఫ్. పీఎఫ్ చూసే సంస్థ ఈపీఎఫ్ఓ సైట్లో ‘ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్’లో కంపెనీ పేరు కొట్టి చెల్లింపుల వివరాలు తెరవండి. ఏ నెలకు ఎంతమంది ఉద్యోగులకు ఎంత కట్టారో, ఏ తేదీన కట్టారో వరసగా ఉంటుంది. ‘మా దగ్గర మూడొందల మంది’ అన్నవారి పట్టికలో 22 మందే ఉంటే లెక్క తేలిపోయింది. ఆర్నెల్ల కిందట 140 మంది, ఇప్పుడు 65 మంది అయితే ఆ విషయం ఇంటర్వ్యూలో ఎవరూ చెప్పరు, పట్టిక చెబుతుంది. చెల్లింపు తేదీలు నెలనెలా వెనక్కి జరుగుతుంటే జీతాలు కూడా జరుగుతున్నాయని అనుమానించాలి. 20 మంది కంటే తక్కువ ఉన్న సంస్థ పీఎఫ్‌లో లేకపోవడం తప్పు కాదు.

ఆఫర్ లెటర్ ఉచిత మెయిల్ ఐడీ నుంచి వచ్చినా, లాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు, రిజిస్ట్రేషన్ అని ఏ పేరుతో డబ్బడిగినా అది ఉద్యోగం కాదు. ఇప్పటికే కట్టి ఉంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ప్రశ్న: రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో ఉద్యోగం రొట్టె పట్టుకున్నా. ఒకటి అడిగితే రెండొచ్చాయి! బెంగళూరులో ఏడాదికి 7.2 లక్షలు, హైదరాబాద్‌లో 6 లక్షలు. మా నాయన బెంగళూరే అంటున్నాడు. మొదటిదాంట్లో వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చేది) 20 శాతం, జాయినింగ్ బోనస్ 60 వేలు కలిపే 7.2 అట. షిఫ్ట్ మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పదకొండు, నోటీస్ 90 రోజులు. రెండోదాంట్లో వేరియబుల్ 10 శాతం, పగటి పని, నోటీస్ 30 రోజులు. బేసిక్ రెండింట్లోనూ నెలకు 25 వేలే.
(ఒక పాఠకుడు, నెల్లూరు)

జవాబు: లెక్క వేసి నాయనకు చూపించండి.

ముందు 6 లక్షలది. వేరియబుల్ 60,000 తీసేయండి. కంపెనీ తన వంతు కట్టే పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం, నెలకు 3,000 చొప్పున ఏడాదికి 36,000. గ్రాట్యుటీ బేసిక్‌లో 4.81 శాతం, అంటే 14,430. ఇన్సూరెన్స్ 9,570 అనుకుందాం, మీ లెటర్లో ఉన్న అంకె వేసుకోండి. ఇవన్నీ పోతే 4,80,000, నెలకు 40,000. అందులో మీ వంతు పీఎఫ్ 3,000, వృత్తి పన్ను 200 పోయి చేతికి 36,800. ఈ జీతానికి కొత్త విధానంలో ఆదాయపు పన్ను పడదు.

ఇప్పుడు 7.2 లక్షలది. వేరియబుల్ 1,44,000, జాయినింగ్ బోనస్ 60,000 తీసేస్తే 5,16,000. పైన చెప్పిన పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ అరవై వేలూ పోతే 4,56,000. నెలకు 38,000, చేతికి 34,800. లక్షా ఇరవై వేలు ఎక్కువన్న ఉద్యోగంలో నెలనెలా వచ్చేది రెండు వేలు తక్కువ!

అట్లాగని బెంగళూరుది తీసిపారేసేది కాదు. మొదటి ఏడాది బోనస్ ఉంది, వేరియబుల్ పూర్తిగా ఇస్తే ముందుండేది అదే. రెండో ఏడాది బోనస్ ఉండదు కాబట్టి అంతా వేరియబుల్ మీదే ఆధారపడుతుంది. రెండు కంపెనీలూ ఒకే శాతం ఇస్తాయనుకుంటే, ఆ శాతం సుమారు 29 దాటితేనే బెంగళూరు ముందుకొస్తుంది. కాబట్టి రెండు చోట్లా ఒకటే అడగండి: ‘పోయిన ఏడాది ఈ లెవెల్ వాళ్లకు వేరియబుల్‌లో ఎంత శాతం చేతికొచ్చింది?’ నూటికి ఎనభై, తొంభై అని అంకె చెబితే ఆలోచించవచ్చు. ‘పర్ఫార్మెన్స్‌ని బట్టి ఉంటుంది’ అంటే దాన్ని లెక్కలోంచి తీసేసి చూసుకోండి.

జాయినింగ్ బోనస్‌కి ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలనే షరతు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. బోనస్‌లో టీడీఎస్ (ముందే కోసే పన్ను) ఏమైనా కోసి ఇచ్చినా తిరిగి అడిగేది పూర్తి మొత్తం, అది చూసుకోండి. 90 రోజుల నోటీస్ మీద కూడా బేరమాడండి. ఇంకో రెండేళ్లకు మీరు మారాలనుకున్నప్పుడు మూడు నెలలు ఆగే కంపెనీ దొరకడం కష్టం. రాత్రి పదకొండు తర్వాత క్యాబ్ ఇస్తారా అన్నది లెటర్లో ఉండాలి.

ఇంకొకటి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం మొత్తం వేతనంలో అలవెన్సులు సగానికి మించితే, మించినది కూడా వేతనంగానే లెక్కపెడతారు. బేసిక్‌ను బాగా తగ్గించి చూపించే పాత పద్ధతికి అంత లాభం లేదు ఇక. మీ రెండు ఆఫర్లలోనూ నెలనెలా వచ్చే జీతంలో బేసిక్ సగానికి పైనే ఉంది.

ప్రశ్న: ఇంటర్వ్యూ బదులు ఇంటి దగ్గర చేసి పంపమని ప్రాజెక్ట్ ఇచ్చారు. నాలుగు రోజులు పట్టేలా ఉంది. చేయాలా?
(ఒక పాఠకురాలు, ఆత్మకూరు)

జవాబు: మూడు నాలుగు గంటల పనైతే చేయండి. నాలుగు రోజులంటే ‘ఇందులో ఏ భాగం చేస్తే సరిపోతుంది?’ అని మెయిల్ పెట్టండి. నిజంగా పరీక్షించాలనుకునేవాళ్లు తగ్గిస్తారు. వాళ్ల సొంత ప్రొడక్ట్‌లోని స్క్రీన్, వాళ్ల అసలు డేటా, వాళ్ల రిపోజిటరీకి (కోడ్ ఉంచే చోటుకి) లాగిన్ ఇచ్చి చేయమంటే అది పరీక్ష కాదు, ఊరికే చేయించుకునే పని. పంపాక ఎవరైనా కూర్చుని మీ కోడ్ మీద మాట్లాడితే అక్కడ రివ్యూ అలవాటు ఉన్నట్టు. ‘సెలెక్టెడ్’, ‘రిజెక్టెడ్’ అని ఒక్క ముక్కే వస్తే చేరాక కూడా అంతే మాట్లాడతారు.

ప్రశ్న: పనిచేసేది పెద్ద బ్యాంకు ప్రాజెక్టులో అంటున్నారు, ఆఫర్ లెటర్ మాత్రం పేరు తెలియని పేరోల్ కంపెనీది. ఏడాదికి పర్మనెంట్ చేస్తారట.
(ఒక పాఠకుడు, కోవూరు)

జవాబు: ఇలాంటివి చాలానే ఉన్నాయి, అన్నీ మోసం కాదు. కానీ మీ యజమాని పేరోల్ కంపెనీయే. పీఎఫ్, జీతం, సెలవులు, ఎక్స్‌పీరియన్స్ లెటర్ అన్నీ వాళ్లవే, కాబట్టి పైన దర్శి పాఠకుడికి చెప్పిన తనిఖీలన్నీ ఆ పేరు మీద చేయాలి, బ్యాంకు పేరు మీద కాదు. ‘పోయిన ఏడాది ఈ క్లయింట్ దగ్గర ఎంతమందిని పర్మనెంట్ చేశారు?’ అని అడగండి. ప్రాజెక్టు నుంచి క్లయింట్ వదిలేస్తే బెంచ్ మీద ఎన్ని రోజులు జీతం ఇస్తారు? ఎక్కువగా తేడా వచ్చేది ఇక్కడే: మిమ్మల్ని 15 రోజుల నోటీసుతో పంపేయొచ్చు, మీరు వెళ్లాలంటే 60 రోజులు ఆగాలి అని రాస్తారు. రెండు వైపులా ఒకే గడువు ఉండేలా మార్చమని అడగండి. క్లయింట్ ఇంటర్వ్యూ ఇంకా కాకుండానే ఆఫర్ లెటర్ ఇచ్చి చేరమంటే, ఆ ప్రాజెక్టు ఇంకా మీది కాలేదని గుర్తుంచుకోండి.

ప్రశ్న: అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు చేయని మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టించి బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం ఇప్పిస్తామంటున్నారు.
(ఒక పాఠకుడు, సింగరాయకొండ)

జవాబు: వద్దు. వెరిఫికేషన్ చేసేవాళ్లు యూఏఎన్ (పీఎఫ్ నంబర్) సర్వీస్ హిస్టరీ, ఫారం 26ఏఎస్‌లో (పన్ను శాఖ పట్టికలో) టీడీఎస్ చూస్తారు. మూడేళ్ల జీతం అక్కడ కనిపించదు. చేరిన నాలుగో నెలలో బయటపడినా తీసేస్తారు, కన్సల్టెన్సీకి కట్టింది తిరిగి రాదు. దొంగ పత్రాలు వాడటం నేరం కూడా.

ప్రశ్న: పూర్తిగా వర్క్ ఫ్రమ్ హోమ్ అంటున్నారు. మా ఊళ్లోనే ఉండి చేసుకోవచ్చని ఆశ. దేన్ని చూసుకోవాలి?
(ఒక పాఠకురాలు, ఉదయగిరి)

జవాబు: లెటర్లో ‘వర్క్ లొకేషన్’ అన్న గడిలో ఏముందో చూడండి. ఊరి పేరో, రిమోట్ అనో లేకుండా ‘బెంగళూరు’ అని ఉండి, కింద ‘కంపెనీ అవసరాన్ని బట్టి ఎక్కడికైనా మార్చవచ్చు’ అని ఉంటే, పదిహేను రోజుల్లో రమ్మని మెయిల్ వస్తే కాదనడానికి ఉండదు. ‘ఇప్పుడు టీమ్‌లో బయటి ఊళ్లలో ఉండి చేసేవాళ్లు ఎంతమంది? చివరిసారి అందర్నీ ఆఫీసుకు ఎప్పుడు పిలిచారు?’ అని అడగండి. మీరొక్కరే బయట ఉంటే నిర్ణయాలన్నీ కాఫీ దగ్గర జరిగిపోతాయి. లాప్‌టాప్ వాళ్లిస్తారా, స్క్రీన్‌షాట్లు తీసే సాఫ్ట్‌వేర్ వేస్తారా, కరెంటు పోయి మీటింగ్ తప్పితే సెలవు కింద కోస్తారా అన్నవీ అడగండి. మీవైపు నుంచి రూటర్‌కీ లాప్‌టాప్‌కీ రెండు గంటలు వచ్చే ఇన్వర్టర్, ఫైబర్ పోతే వాడుకోవడానికి వేరే నెట్‌వర్క్ సిమ్ ఉండాలి. ఆ సంగతి ఇంటర్వ్యూలో మీరే చెబితే వాళ్ల సగం సందేహం పోతుంది.

ప్రశ్న: ‘యు ఆర్ సెలెక్టెడ్’ అని మెయిల్ వచ్చింది. నా నోటీస్ 60 రోజులు. ఇప్పుడే రాజీనామా ఇచ్చేయనా?
(ఒక పాఠకుడు, ఒంగోలు)

జవాబు: ఇవ్వకండి. ఆ మెయిల్ శుభవార్తే గానీ ఆఫర్ కాదు. జీతం విడివిడిగా రాసిన పట్టిక, హోదా, పని ఊరు, చేరే తేదీ, నోటీస్ పీరియడ్ ఉన్న లెటర్ వచ్చి, మీరు అంగీకారం పంపి, దానికి వాళ్ల జవాబు వచ్చాకే రాజీనామా. ‘బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ పూర్తయితేనే ఈ ఆఫర్ చెల్లుతుంది’ అన్న వాక్యం ఉంటే, అది చేరకముందు చేస్తారా, తర్వాతా అని అడగండి. ముందే చేయమని కోరవచ్చు. ఇప్పుడున్న కంపెనీని సంప్రదించడం మాత్రం రాజీనామా తర్వాతే పెట్టుకోమనండి. పే స్లిప్పులు, ఫారం 16, అప్పాయింట్‌మెంట్ లెటర్ ఈ వారమే డౌన్‌లోడ్ చేసుకోండి. రాజీనామా మెయిల్ పంపేటప్పుడు సొంత మెయిల్‌కి కూడా కాపీ పెట్టుకోండి. కంపెనీ లాగిన్ తీసేశాక, నోటీస్ ఏ తేదీన మొదలైందో చూపించడానికి మీ చేతిలో ఉండే కాగితం అదొక్కటే.